రెండు ర్యాములు, ఒక చుక్క

బల్ల కింద

నా ఉద్యోగంలో సగం కాలం ఇతరుల ఇళ్లలో బల్లల కిందే గడిచింది. కంప్యూటర్ బల్ల మీద ఉంటుంది, దాని తీగలన్నీ బల్ల కింద ఉంటాయి. అందుకని నిజామాబాద్‌లో ఏ ఇంట్లో చీపురు గోడ దాకా పోతుందో, ఏ ఇంట్లో మధ్యలోనే అలిసిపోతుందో నాకు బాగా తెలుసు. ఈ మాట ఒక పెళ్లిలో నోరు జారి అన్నాను. ఆ తర్వాత మా చుట్టాల్లో కొందరు నన్ను ఇంటికి పిలవడం తగ్గించారు.

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివిన ఆడపిల్లలం మా బ్యాచ్‌లో ముగ్గురమే. మిగతా ఇద్దరూ టీచర్లయ్యారు. బీడీలు చుడుతూ నన్ను చదివించిన మా అమ్మకు నేను కూడా కుర్చీలో కూర్చునే పని చేయాలని ఉండేది. నేను కుర్చీని పక్కకు జరిపి బల్ల కిందికి దూరే పని పట్టాను. మొదట టేప్ రికార్డర్లు, టీవీలు. తొంభైల మధ్య నుంచి కంప్యూటర్లు. మోకాళ్లు మొరాయించే దాకా చేశాను, తర్వాత మానేశాను.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. ఏ కోర్సు చేస్తే మంచిది, ఏ టూల్ కొంటే మంచిది అని అడుగుతారు. అవన్నీ నాకంటే వాళ్లకే ఎక్కువ తెలుసు. నేను చెప్పగలిగింది ఒక్కటే ఉంది. బాగు చేశాననుకుని నేను పాడు చేసిన ఒక పని గురించి. బోధన్‌లో ఒక పెద్దమనిషి ఇంట్లో జరిగింది. మెషిన్‌కు పెద్ద నష్టమేమీ కాలేదు. నష్టమంతా ఆ మనిషికే అయింది, చేసింది నేను.

గంగాధర్ సార్ లెక్క

నేను పని నేర్చుకున్నది గంగాధర్ సార్ షాపులో. రేడియోలు బాగు చేసే రోజుల నుంచి ఆయనకు నిజామాబాద్ బస్టాండు దగ్గర షాపు ఉండేది. మనిషి కోపిష్టి, కానీ పనిలో దాపరికం లేదు. కస్టమర్ లేనప్పుడు కంప్యూటర్ డబ్బా విప్పనిచ్చేవాడు కాదు. ఏ భాగం తీసినా, ఏ భాగం పెట్టినా అది ఎవరిదో వాళ్ల కళ్ల ముందే జరగాలి. స్క్రూలు ఒక సాసర్‌లో వేయాలి. చిప్పు ముట్టుకునే ముందు ఇనుప డబ్బాను చేత్తో ఒకసారి తాకాలి, ఒంట్లోని కరెంటు అందులోకి దిగిపోవడానికి. ఈ మూడు అలవాట్లూ ఆయన తిట్లతో పాటే నాకు అలవడ్డాయి. ఇప్పటికీ ఆయనకు రుణపడి ఉన్నాను.

ఆయన నేర్పిన నాలుగో సంగతి మాత్రం తప్పు. అది చెప్పాలంటే ముందు ర్యామ్ అంటే ఏమిటో చెప్పాలి.

ర్యామ్ అంటే కంప్యూటర్ పని చేస్తున్నంతసేపు రాసుకునే పలక. చేత్తో పట్టుకుంటే జానెడు కూడా ఉండని ఆకుపచ్చ పట్టీ, దాని మీద వరుసగా నల్ల చిప్పులు. పలక చిన్నదైతే పని నత్తనడకన సాగుతుంది. పెద్దది కావాలంటే పక్కన ఖాళీగా ఉన్న స్లాట్‌లో ఇంకో పట్టీ గుచ్చాలి. ఆ రోజుల్లో ఇంటి కంప్యూటర్‌కు అప్‌గ్రేడ్ అంటే చాలామట్టుకు ఇదే.

మెషిన్ ఆన్ చేయగానే నల్లటి తెర మీద తెల్ల అంకెలు గబగబా పరిగెత్తి, లోపల ఎంత మెమరీ ఉందో చూపించి ఆగుతాయి. అరవై నాలుగు ఎంబీ ఉన్న చోట నూట ఇరవై ఎనిమిది కలిపితే నూట తొంభై రెండు రావాలి. గంగాధర్ సార్ తెరకేసి చూడకుండానే అడిగేవాడు.

"లెక్క వచ్చిందా, సుజాతా? వచ్చిందంటే ఇగ స్క్రూలు బిగియ్."

నేను బిగించేదాన్ని. ఆయనకు చేతినిండా పని ఉండేది, నాకు బస్సు టైము ఉండేది. లెక్క రావడం అంటే కూడిక సరిపోయిందని మాత్రమే. ఆ రెండు పట్టీలూ కలిసి రాసుకున్నది రాసుకున్నట్టు ఉంచుతాయా లేదా అని ఆ అంకెలు చెప్పవు. ఈ తేడా నాకు పుస్తకంలో తెలుసు. చేతుల్లో తెలియదు.

ఆకురాయి పెట్టిన రైతు

అందరికీ కనబడే తప్పు ఒకటి ముందు చెబుతాను. ఎడపల్లిలో ఒక చెరుకు రైతు తన కొడుకు చదువు కోసం కంప్యూటర్ కొన్నాడు. తర్వాత ఎవరో చెబితే హైదరాబాద్ నుంచి ర్యామ్ తెప్పించాడు. వచ్చింది వేరే రకం. ర్యామ్ అడుగున చిన్న గాటు ఉంటుంది, స్లాట్‌లో దానికి తగ్గ గుబ్బ ఉంటుంది. రకం మారితే గాటు ఉండే చోటు మారుతుంది, లోపలికి పోదు. పోకూడదనే అలా చేశారు. ఆ రైతు దాన్ని రెండు రోజులు చూసి, మూడో రోజు ఆకురాయి తెచ్చి, గుబ్బ ఉన్న చోట పట్టీకి కొత్త గాటు అరగదీశాడు. చాలా నేర్పుగా అరగదీశాడు. పనితనంలో దానికి తక్కువ మార్కులు వేయలేను.

నేను వెళ్లేసరికి మెషిన్ ఆపకుండా కూత పెడుతోంది.

"లోపటికైతే పోయింది అక్కా. మాటే ఇంటలేదు," అన్నాడు.

ఆయనను ఎగతాళి చేయడానికి ఈ సంగతి చెప్పడం లేదు. అలాంటి తప్పులు అరుస్తాయి. కూత వినబడుతుంది, తెర నల్లగా ఉండిపోతుంది, ఎవరో ఒకరు పిలుస్తారు, మనం వెళ్లి తీసేస్తాం. మన పనిలో భయపడాల్సింది కూత పెట్టే మెషిన్‌కు కాదు. అన్నీ సరిగా ఉన్నట్టే కనబడుతూ, పది రోజులకోసారి ఒక్క అక్షరం మార్చే మెషిన్‌కు.

అజీజ్ సాబ్ ఇల్లు

అజీజ్ సాబ్ బోధన్‌లో కాతిబ్. అంటే ఉర్దూ అక్షరాలను కలంతో అందంగా రాసి ఇచ్చే మనిషి. పెళ్లి పత్రికలు, దుకాణాల బోర్డులు, సభల పోస్టర్లు, అన్నీ ఆయన చేతి రాతలోనే అచ్చుకు పోయేవి. కంప్యూటర్లు వచ్చాక ఆయన తోటివాళ్లు కొందరు అలిగి పని మానేశారు. ఆయన మాత్రం అరవై దగ్గరపడుతుండగా కంప్యూటర్ కొని, ఉర్దూ టైపు చేసే సాఫ్ట్‌వేర్ వేయించుకుని, ఒక్కొక్క మీట వెతుక్కుంటూ నేర్చుకున్నారు. నేను చూసిన విద్యార్థుల్లో ఆయనంత ఓపిక ఎవరికీ లేదు.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. దాన్ని ముకాబలా అనేవారు. పత్రికలో ఉండాల్సినదంతా ఆయన ముందు కాగితం మీద కలంతో రాసేవారు. తర్వాత టైపు చేసి ప్రింటు తీసేవారు. అప్పుడు భార్య రజియా చేతిరాత కాగితం పట్టుకుని పైకి చదివేది; ఆమెను నేను ఖాలా అనేదాన్ని, అంటే పిన్ని. ఆయన ప్రింటు మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం జరుపుకుంటూ పోయేవారు. చుక్క ఉన్న అక్షరం వస్తే చాలు, అది ఎక్కడుందో పైకి చెప్పేవారు: నుక్తా నీచే, నుక్తా ఊపర్. చుక్క కింద, చుక్క పైన. మొత్తం అయ్యాక ఇద్దరూ ప్రింటు మూలన పొట్టి సంతకాలు పెట్టేవారు. ఎవరి చేయి పడితే వాళ్ల సంతకం ఉండాలన్నది ఆయన ఉస్తాదు నేర్పిన నియమం. ఆ కాగితాలన్నీ ఖాలా ఒక గుడ్డలో మూటగట్టి ఉంచేది.

ఉర్దూలో చుక్క ఎంత పెద్ద విషయమో నాకు ఆ ఇంట్లోనే తెలిసింది. జీమ్ అనే అక్షరానికి చుక్క కడుపులో ఉంటుంది. అదే ఆకారానికి చుక్క తల మీద పెడితే అది ఖే. ఆకారం అదే, చుక్క చోటు మారితే పేరు మారిపోతుంది.

బొమ్మలు, పూల అంచులు ఎక్కువయ్యేసరికి ఆయన మెషిన్ ఈడ్చుకుంటూ నడవడం మొదలుపెట్టింది. ర్యామ్ పెంచమన్నారు. లోపల ఉన్నది అరవై నాలుగు, వంద స్పీడుది. అలాంటిది ఆ వారం మా షాపులో లేదు. నూట ముప్పై మూడు స్పీడుది, వేరే కంపెనీది, నూట ఇరవై ఎనిమిది ఒకటి ఉంది. ఎక్కువ స్పీడుది తక్కువ స్పీడుకు సర్దుకుంటుందని అందరం అనుకునేవాళ్లం. చాలాసార్లు సర్దుకుంటుంది కూడా. అది తీసుకుని బోధన్ బస్సెక్కాను. ఆయన ముందే డబ్బా విప్పాను, ఇనుము తాకాను, స్క్రూలు సాసర్‌లో వేశాను, పట్టీ గుచ్చాను, ఆన్ చేశాను. నూట తొంభై రెండు వచ్చింది. పూల అంచులున్న పత్రిక చిటికెలో తెరుచుకుంది. ఆయన మొహం వెలిగిపోయింది.

"బేటీ, ఇది ఉరుకుతున్నది," అన్నారు.

ఖాలా ఇచ్చిన టీ తాగి, చాలా సంతోషంగా వచ్చేశాను. సరిపోలని జోడీ వేయడం పెద్ద తప్పని ఇప్పటికీ అనను. ఉన్న సరుకుతో పని నడిపించడం కూడా మన పనే. వేశాక దాన్ని పరీక్షకు పెట్టకుండా, లెక్క చూసి లేచి రావడం తప్పు. పరీక్షకు ఒక పూట పడుతుంది. ఆ పూట నేను మిగుల్చుకున్నాను.

నేను అన్న మాట

రెండు మూడు వారాలకు షాపుకు ఫోన్ చేశారు. మెషిన్ చుక్కలు మారుస్తోందని అన్నారు. ఒక పోస్టర్‌లో ఒకచోట, ఇంకో పత్రికలో ఒకచోట. ఎప్పుడూ కాదు, ఎప్పుడో ఒకసారి. నాకు నవ్వొచ్చింది. మెషిన్ పని చేస్తే చేస్తుంది, లేకపోతే మానేస్తుంది; కూర్చుని ఒక్క చుక్క మార్చే తీరిక దానికెక్కడిది? గంగాధర్ సార్‌ను అడిగితే, పెద్దమనిషికి చూపు మందగించి ఉంటుంది, అడగడానికి మొహమాటపడుతున్నాడు అన్నాడు. ఆ మాట నాకు సబబుగా తోచింది. సబబుగా ఎందుకు తోచిందంటే, అది నా పనిని నిలబెట్టి ఆయన కళ్లను తప్పుబట్టింది.

ఆ మర్నాడు ఆయనకు నేనే ఫోన్ చేసి చెప్పాను.

"సాబ్, మెషిన్ల ఏం తప్పు లేదు. మీరొకసారి కండ్లు చూపించుకోండ్రి."

ఆయన "అచ్ఛా బేటీ" అని పెట్టేశారు.

నా పనికాలంలో నేను అన్న మాటలన్నిట్లో దాన్నే వెనక్కి తీసుకోవాలని ఉంటుంది. చేయి జారి చిప్పులు కాల్చాను, తప్పు తీగ పీకి ఒకరి ఫైళ్లు పోగొట్టాను. వాటికి ఇంత బాధ లేదు. అరవై ఏళ్ల మనిషి జీవితమంతా ఏ కంటి మీద ఆధారపడి బతికాడో, ఆ కన్ను పనికిరాదని నేను పరీక్ష చేయకుండా చెప్పాను. ఆయన నన్ను నమ్మారు. నేను మెషిన్ తెలిసినదాన్ని కదా.

ఆయన నిజామాబాద్ వచ్చి కళ్లు చూపించుకున్నారు. డాక్టరు అద్దాలు మార్చాడు. ఆ వయసులో అందరికీ అద్దాలు మారతాయి. ఆయన మాత్రం అదే రుజువు అనుకున్నారు.

ఆ తర్వాత నజ్మా పెళ్లి పత్రిక వచ్చింది. వాళ్ల వీధిలోనే ఒక కుటుంబం, ఆ ఇంట్లో మూడు తరాల పత్రికలు రాసింది ఈయనే. ముకాబలా అయింది, సంతకాలయ్యాయి. మర్నాడు ఫైలు మళ్లీ తెరిచి అచ్చుకు కాపీ తీశారు. ప్రెస్ నుంచి కట్టలు వచ్చాక పెళ్లికూతురి పేరులో జీమ్ చుక్క పైకెక్కి ఉంది. నజ్మా కాస్తా నఖ్మా అయింది. అర్థం లేని పేరు.

పెళ్లివాళ్లు గొడవ చేయలేదు. పెళ్లికూతురి తండ్రి స్వయంగా వచ్చి, ఆయన చేతులు పట్టుకుని, చాలా చేశారు సాబ్, ఇక ఆరామ్ తీసుకోండి అన్నాడట. పత్రికలు ఇంకోచోట అచ్చు వేయించుకున్నారు. గొడవ చేసి ఉంటే ఆయన తట్టుకునేవారేమో. ఆ మర్యాదకు తట్టుకోలేకపోయారు.

ఖాలా మూట విప్పింది

ఇదంతా నాకు అప్పుడు తెలియదు. కొంతకాలానికి ఆయన మళ్లీ ఫోన్ చేసి, మెషిన్‌లో తన ఫైళ్లన్నీ తుడిచేసి ఇవ్వమన్నారు. వర్నిలో ఉన్న మేనల్లుడికి ఇచ్చేస్తారట. ఎందుకని అడిగితే, ఇక పని మానేశానన్నారు.

చెరుకు సీజన్. బోధన్ దారంతా బండ్ల వెనక బస్సు నడుచుకుంటూ పోయింది. పొద్దున్నే బయలుదేరినా ఇల్లు చేరేసరికి ఎండెక్కింది. అజీజ్ సాబ్ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నారు. కంప్యూటర్ మీద దుప్పటి కప్పి ఉంది. ఎప్పుడూ బల్ల మీద ఉండే కలాలు లేవు. నన్ను కూర్చోమని చెప్పి, నజ్మా పత్రిక సంగతంతా ఆయనే చెప్పారు, ఎవరి గురించో చెబుతున్నట్టు. చివర్లో, నువ్వు ముందే చెప్పినవ్ బేటీ, నేనే పని ఆపలేదు అన్నారు.

లేచి దుప్పటి తీస్తుంటే రజియా ఖాలా లోపలి నుంచి వచ్చింది. టీ తెస్తుందనుకున్నాను. గుడ్డ మూట తెచ్చి నా ముందు విప్పింది.

"సుజాతా, నాకు మీ మెషిన్ తెల్వది. కాగితాలు తెలుసు," అంది. "ఆయన కండ్లు పోయినయనుకుందాం. సదివింది నేను గద. నా కండ్లు గూడ గదే దినం పోయినయా?"

అజీజ్ సాబ్ కిటికీలోంచి చూపు తిప్పలేదు. ఆమె తగ్గలేదు.

"రెండేండ్ల కాగితాలున్నయ్. ఒక్క చుక్క పోలే. నువ్వు వచ్చి గా పట్టీ పెట్టి పోయినంకనే పోతున్నయ్."

నేను బల్ల మీద కాగితాలు పరిచాను. ఒకవైపు ఇద్దరి సంతకాలున్న ప్రింట్లు, ఇంకోవైపు అవే పత్రికలు అచ్చుకు పోయినవి. ఆమె తప్పులన్నిటి చుట్టూ పెన్సిల్‌తో సున్నాలు చుట్టి ఉంచింది. ఎనిమిది సున్నాలు. నాకు ఉర్దూ రాదు, అందుకని ఒక్కోటి చూపించి ఇది ఏం ఉండాలి, ఏం అయిందని అడిగాను. జీమ్, ఖే అయింది. కింద ఒక చుక్క ఉండే బే, పైన రెండు చుక్కలుండే తే అయింది. మళ్లీ జీమ్, ఖే. ఎనిమిదింట్లోనూ ఈ రెండు రకాలే. సంతకాలున్న ప్రింట్లలో అవన్నీ సరిగానే ఉన్నాయి.

మరి ఆ తేడా చూసి కూడా మెషిన్‌ను ఎందుకు అనుమానించలేదని అడిగాను. ఫైలు మళ్లీ తెరిచినప్పుడు తన వేలే ఎక్కడో తగిలి ఉంటుందని, అది తనకు కనబడలేదని అనుకున్నారట. మెషిన్ బాగానే ఉందని నేను చెప్పాను కాబట్టి మిగిలింది ఆయన వేలు, ఆయన కన్నే.

ఖే ఎలా కొడతారో చూపించమన్నాను. ఆయన అక్కడి నుంచే చెప్పారు, రెండు మీటలు కలిపి నొక్కాలని. అప్పుడు నాకు అర్థమైంది. ఒక వేలు పొరపాటున తగిలితే రెండు మీటలు కలిసి పడవు. వేలు జారితే పక్కన ఉన్న ఏ అక్షరమైనా పడాలి, ఒక్కోసారి ఒక్కోటి. ఎనిమిదిసార్లు జారిన వేలు ఎనిమిదిసార్లూ ఒకే తీరుగా జారదు.

ఒక పూట పరీక్ష

సంచిలో మెమరీని పరీక్షించే ఫ్లాపీ ఉంది. ఎప్పుడూ ఉండేది. మొదటిరోజు కూడా ఉంది.

ముందు పాత పట్టీ ఒక్కటే ఉంచి నడిపాను. తప్పు లేదు. అది తీసి నేను వేసినది ఒక్కటే ఉంచాను. అందులోనూ తప్పు లేదు. ఖాలా అన్నం తినమంది, తినలేకపోయాను. ఇక రెండూ కలిపి పెట్టాను. నూట తొంభై రెండు, లెక్క ఎప్పటిలాగే చక్కగా వచ్చింది. పరీక్ష ఒక చుట్టు తిరిగింది, ఏమీ లేదు. రెండో చుట్టూ ఏమీ లేదు. నేను పొరబడ్డానేమో అని ఒక క్షణం ఆశపడ్డాను, సిగ్గు విడిచి చెబుతున్నాను. మూడో చుట్టులో తెర అడుగున ఒక ఎర్ర గీత పడింది. తర్వాత అలాంటిదే ఇంకొకటి. రెండుసార్లూ ఒకే చోట, ఒకే తీరు తప్పు.

కంప్యూటర్‌కు అక్షరమంటే ఒక అంకె. ఆ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన అంకెల్లో జీమ్‌కు రెండు కలిపితే ఖే వస్తుంది, బేకు రెండు కలిపితే తే వస్తుంది. ఆ ఎర్ర గీత చెప్పింది కూడా అదే: ఉంచిన అంకెకు అప్పుడప్పుడు రెండు కలుస్తోంది. ఏ పట్టీకి ఆ పట్టీ మంచిదే. పక్కపక్కన పెట్టి పని చేయించినప్పుడు ఒకదాని వేగానికి ఇంకొకటి సరిగా అందుకోలేక, ఒకే ఒక్క చోట మాట తప్పుతున్నాయి. ఆ చోట జీమ్ గానీ బే గానీ పడ్డ రోజున చుక్క మారుతోంది.

సాయంత్రపు అసర్ నమాజు చదివి అజీజ్ సాబ్ వచ్చేసరికి నేను ఆ తెర ముందే కూర్చుని ఉన్నాను. చెప్పాను. ఎర్ర గీతలు చూపించాను. ఆయన కొత్త అద్దాలు పెట్టుకుని వంగి చాలాసేపు చూశారు.

"రెండు మంచియేనా?" అన్నారు.

"రెండు మంచియే సాబ్. జోడి కలువలే. నేను చూసుకోలే."

నాకు కన్నీళ్లొచ్చాయి, ఆపుకోలేదు. కండ్లు చూపించుకోమని అన్నందుకు మాఫ్ చేయమని అడిగాను.

"నన్నెందుకు అడుగుతవ్," అన్నారు. "ఆమెను అడుగు. నువ్వు నా ఒక్కనికే అన్నవ్. నేను ఆమెకు అన్న. నజ్మా పత్రిక తర్వాత, సరిగ సదువుతలేవని ముకాబలా బంద్ పెట్టిన."

ఖాలా గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఆ మాట నాకు అప్పటిదాకా తెలియదు. నేను ఆమె వైపు తిరిగాను. ఆమె నా మాట వినకుండానే బల్ల దగ్గరకు వచ్చి, నజ్మా పత్రిక అచ్చు కాపీ తీసి నా ముందు పెట్టింది.

"మాఫీ తర్వాత. ఎవల చెయ్యి పడితె వాళ్ల దస్కతు ఉండాలె. దీని మీద నీది లేదు."

సున్నా చుట్టిన పేరు కింద తెలుగులో నా పేరు రాశాను. అప్పటి నుంచి నేను ఏ మెషిన్ విప్పినా, ఏం వేశానో, ఎంతసేపు పరీక్షించానో ఒక చీటీ మీద రాసి, సంతకం చేసి, డబ్బా లోపల అంటించేదాన్ని. గంగాధర్ సార్ మొదట్లో నవ్వాడు. బోధన్ సంగతంతా విన్నాక నవ్వలేదు. తర్వాత ఆయన కూడా సంతకం పెట్టాడు. ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఇదే. కస్టమర్ చెప్పింది నమ్మశక్యంగా లేకపోతే, ముందు మీరు ముట్టుకున్న భాగాన్నే అనుమానించండి. ఆ తర్వాత కూడా ఆయన కళ్ల జోలికి పోకండి.

ఆ సాయంత్రం నేను వేసిన పట్టీ తీసి సంచిలో వేసుకున్నాను. పాతది ఒక్కటే ఉంచాను. మళ్లీ మెల్లగా నడుస్తుంది సాబ్, రెండూ ఒకే రకానివి దొరికాక తెచ్చి, పరీక్షించి వేస్తాను అన్నాను. నడవనీ అన్నారు. వర్ని మేనల్లుడి మాట ఎత్తలేదు. కుర్చీ జరుపుకుని కూర్చుని, నజ్మా పత్రికను మొదటి నుంచి మళ్లీ టైపు చేశారు. ఆ పత్రికతో ఇక ఎవరికీ పని లేదు. పూల అంచు రావడానికి చాలాసేపు పట్టింది, ఆయన ఓపిగ్గా కూర్చున్నారు. ఫైలు మూసి, మెషిన్ ఆపి, మళ్లీ ఆన్ చేసి, తెరిచి ప్రింటు తీశారు.

కాగితం పట్టుకుని ఖాలా వైపు తిరిగారు. మాఫీ ఎలా అడగాలో ఆయనకూ తెలియలేదు.

"సదువు," అన్నారు.

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, మూటలోంచి ఆయన చేతిరాత కాగితం తీసుకుని ఎదురుగా కూర్చుంది. పైనుంచి ఒక్కో మాట చదువుకుంటూ వచ్చింది. పెళ్లికూతురి పేరు దగ్గర ఆగింది, ఆయన వేలు అక్కడికి చేరే దాకా ఆగింది, అప్పుడు చదివింది.

"నజ్మా."

ఆయన వేలు ఆ అక్షరం కింద నిలిచింది.

"నుక్తా నీచే," అన్నారు.